ఢిల్లీ లేఖ: పార్డీ గడ్డిభూములలో అశోక్ మెహతా

ఎన్నికల ఫలితాలు వెలువడిన మరునాడు ఓడిన పార్టీ కార్యాలయానికి ఒకసారి వెళ్ళి రావడం ఈ విలేకరికి చిరకాలంగా ఉన్న అలవాటు. గెలిచిన వారి వాకిట పూలదండలూ, బాణసంచా, మోటారు వాహనాల వరుసలూ ఉంటాయి. అక్కడ వార్త ఏమిటో వెళ్ళకుండానే తెలుస్తుంది. ఓడిన వారి కార్యాలయంలో కుర్చీలు ఖాళీగా ఉంటాయి. ఒకరిద్దరు కార్యదర్శులు మాత్రం ఓటమికి కారణాలు ఏకరువు పెడుతుంటారు. ధనబలం, కులబలం, అధికార యంత్రాంగం, చివరగా ఓటరు అమాయకత్వం. 1952లో ఓడినవారు చెప్పిన కారణాలకూ, ఈనాడు ఓడినవారు చెప్పే కారణాలకూ పెద్దగా భేదం కనిపించదు. ఇకపై ఏం చేయదలచారని అడిగితే మాత్రం, వచ్చే ఎన్నికలకు సిద్ధమవుతామన్న సమాధానమే వస్తుంది.

అటువంటి సమయాల్లో శ్రీ అశోక్ మెహతా జీవితం మననం చేసుకోవలసి వస్తుంది. ఈ తరం పాఠకులలో పెక్కుమందికి ఆయన పేరు పంచాయతీరాజ్ కమిటీ ద్వారా మాత్రమే పరిచితం. అందులోనూ బల్వంతరాయ్ మెహతాతో ఆయనను కలగాపులగం చేసేవారు తక్కువేమీ కాదు. ఇద్దరూ గుజరాతీలే, ఇద్దరూ భావనగర్‌లో పుట్టినవారే, ఇద్దరి పేరిటా పంచాయతీల మీద కమిటీలు వెలిశాయి. పొరపాటు సహజమే. కాని వీరిలో చిన్నవాడైన అశోక్ మెహతా జీవితంలో, ఓడిన రాజకీయవేత్తలు చదవదగిన ఒక అధ్యాయం ఉంది. అది ఢిల్లీలోగాని, బొంబాయిలోగాని జరగలేదు. నాటి సూరత్ జిల్లా దక్షిణపు కొసన, పార్డీ తాలూకా గడ్డిభూములలో జరిగింది.

మెహతా 1911 అక్టోబరు 24న జన్మించారు. తండ్రి రంజిత్‌రామ్ మెహతా గుజరాతీ సాహిత్యంలో సుప్రసిద్ధుడు. ఆయన పేరిట ఇచ్చే సువర్ణ చంద్రకం ఈనాటికీ ఆ భాషా రచయితలకు గొప్ప గౌరవం. తండ్రి 1917లోనే కన్నుమూయడంతో బాలుడి చదువు అహమ్మదాబాదు, షోలాపూరుల మీదుగా బొంబాయికి చేరింది. విల్సన్ కళాశాలలో పట్టం పుచ్చుకొని, అర్థశాస్త్ర విద్యార్థిగా ఉండగానే శాసనోల్లంఘనోద్యమంలో జైలుకు వెళ్ళారు. నాసిక్ జైలు ఆయనకు రెండవ విశ్వవిద్యాలయం. జయప్రకాశ్ నారాయణ్, అచ్యుత్ పట్వర్ధన్, మినూ మసానీ, ఎన్. జి. గోరే అక్కడ సహచరులు. ఆ గోడల నడుమ జరిగిన చర్చల నుంచే 1934లో కాంగ్రెసు సోషలిస్టు పార్టీ ఉద్భవించింది. మెహతా ఆ పార్టీ పత్రికను కొన్నేళ్ళు నడిపారు. 1857 తిరుగుబాటు మీద, భారతదేశంలో మతసమస్య మీద గ్రంథాలు రచించారు. స్వభావరీత్యా ఆయన పుస్తకాల మనిషి. వేదిక మీద జనాన్ని ఉర్రూతలూగించే శక్తి లోహియాకుగాని, జయప్రకాశ్‌కుగాని ఉన్నంతగా ఆయనకు ఉండేది కాదు.

స్వాతంత్ర్యానంతరం సోషలిస్టులు కాంగ్రెసు నుంచి బయటికి వచ్చినప్పుడు మెహతా కార్మికరంగాన్ని ఎన్నుకున్నారు. 1950లో బొంబాయి నూలుమిల్లులలో బోనస్ విషయమై సుమారు రెండు లక్షల మంది కార్మికులు రెండు నెలలకు పైగా సమ్మె సాగించారు. నాయకత్వం ఆయనదే. సమ్మె విఫలమయింది. గుర్తింపు పొందిన సంఘం కాంగ్రెసు వారిది, చట్టం ఆ సంఘాన్నే గుర్తించింది. కార్మికులు రిక్తహస్తాలతో మిల్లులకు తిరిగి వెళ్ళారు. అది మొదటి దెబ్బ.

రెండవ దెబ్బ తొలి సార్వత్రిక ఎన్నికలు. వాటి మీద సోషలిస్టులు పెట్టుకున్న ఆశలు ఇంతా అంతా కావు. కాంగ్రెసుకు తామే ప్రత్యామ్నాయమని వారు నమ్మారు, దేశంలో చాలామంది విద్యావంతులూ నమ్మారు. 489 స్థానాల లోక్‌సభలో కాంగ్రెసుకు 364 దక్కాయి. సోషలిస్టులు నూటికి పది ఓట్లకు పైగా సంపాదించి కూడా పన్నెండు స్థానాలతో మిగిలిపోయారు. అందులో మూడోవంతు ఓట్లు కూడా రాని కమ్యూనిస్టులకు పదహారు వచ్చాయి. ఓట్లు దేశమంతటా పలుచగా పరచుకుంటే ఎంత ప్రమాదమో మన ప్రతిపక్షాలకు నేర్పిన మొదటి పాఠం అది. ఆ పాఠాన్ని అవి నేటికీ పూర్తిగా నేర్చుకోలేదు.

మెహతా స్వయంగా ఉత్తర బొంబాయి ద్విసభ్య నియోజకవర్గంలో పోటీచేశారు. రిజర్వుడు స్థానానికి ఆయనతో జతగా నిలిచినవారు మరెవరో కాదు, రాజ్యాంగ శిల్పి డాక్టర్ అంబేద్కర్. ఇద్దరూ ఓడిపోయారు. ఓటమి పిమ్మట ఆయన చేసిన మొదటి పని విద్యార్థికి తగినదే. ఫలితాలను నియోజకవర్గాలవారీగా విశ్లేషించి ఒక చిన్న పుస్తకం ప్రకటించారు. ఓటరును నిందించలేదు. పార్టీ వేళ్ళు నేలలోకి దిగలేదన్నది ఆయన ఆలోచనల సారాంశమని చెప్పవచ్చు. ఆ ఆలోచనకు ఆచరణరూపం సూరత్ జిల్లాలో దొరికింది.

సూరత్ అనగానే నేటి తెలుగువారికి మరమగ్గాలు మదిలో మెదులుతాయి. కరీంనగర్, వరంగల్, నల్గొండ పల్లెల నుంచి బతుకుతెరువు కోసం వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు అక్కడ తరాలుగా స్థిరపడ్డాయి. రాజకీయ చరిత్ర తెలిసినవారికి 1907 నాటి కాంగ్రెసు చీలిక, 1928 నాటి బార్డోలీ సత్యాగ్రహం, 1938లో సుభాష్ చంద్రబోసు అధ్యక్షత వహించిన హరిపురా మహాసభ గుర్తుకు వస్తాయి. ఈ మూడూ సూరత్ గడ్డ మీద జరిగినవే. అయితే బార్డోలీలో పోరాడి గెలిచినవారు భూమి కలిగిన రైతులు. శిస్తు పెంపు చాలావరకు రద్దయింది, జప్తయిన భూములు తిరిగి వచ్చాయి. ఆ రైతుల పొలాలలో తరతరాలుగా పాలేరుతనం చేస్తున్న దుబళాల స్థితిగతులలో వచ్చిన మార్పు స్వల్పం. వల్లభ్‌భాయిని సర్దారును చేసిన విజయానికి ఇది రెండో పార్శ్వం. మన చరిత్ర పాఠాలలో ఇది అరుదుగా కనిపిస్తుంది.

బార్డోలీకి దక్షిణంగా, సముద్రానికీ సహ్యాద్రి పాదాలకూ మధ్య ఉన్న తాలూకా పార్డీ. జిల్లాల పునర్విభజన తరువాత అది బల్సార్ జిల్లాలోకి, అంటే నేటి వల్సాడ్‌లోకి వెళ్ళింది. వర్షపాతం మెండు. ధోడియా, నాయకా, వార్లీ మొదలైన ఆదివాసులు అక్కడి ప్రధాన జనాభా. ఒకప్పుడు వరి, చిరుధాన్యాలు పండించుకున్న ఆ నేలలు వడ్డీ వ్యాపారుల, సారా కాంట్రాక్టర్ల చేతులలోకి క్రమంగా జారిపోయాయి. కొత్త యజమానులకు ఒక సులువైన లాభమార్గం కనిపించింది. బొంబాయి మహానగరంలోని గేదెల తబేలాలకు ఎండుగడ్డి కావాలి. వర్షాలు పడితే గడ్డి తనంతట తాను మొలుస్తుంది. దున్నడం లేదు, విత్తడం లేదు, కౌలుదారుతో పేచీ లేదు. వర్షాకాలం వెళ్ళగానే కోయించి, మోపులు కట్టించి రైలెక్కిస్తే చాలు.

ఇందులో చట్టం పాత్రను కూడా చెప్పుకోవాలి. 1948లో బొంబాయి ప్రభుత్వం తెచ్చిన కౌలుదారీ చట్టం దున్నేవానికి రక్షణ ఇచ్చింది. మంచిదే. కాని దున్నేవాడే లేని భూమిలో ఆ చట్టం ఎవరిని రక్షిస్తుంది? గడ్డి పెంచితే కౌలుదారు ఉండడు, కౌలుదారు లేకపోతే హక్కుల ప్రసక్తి రాదు. పేదల కోసం చేసిన శాసనం పేదలను పొలం నుంచి వెళ్ళగొట్టడానికి మరొక కారణమయింది. ఆదివాసికి మిగిలింది గడ్డికోత రోజుల కూలి మాత్రమే. తక్కిన కాలమంతా పస్తులో, వలసలో. దేశం అమెరికా నుంచి 1951లో అప్పు మీద గోధుమలు తెచ్చుకుంటున్న రోజులవి. నగరాలలో రేషన్ కార్డులు, పార్డీలో తిండిగింజలు పండే నేల మీద పశువుల గడ్డి.

ఈ అన్యాయాన్ని మొదట కనిపెట్టినవారు మెహతా కారు. ఈశ్వర్‌భాయి దేశాయి వంటి స్థానిక సోషలిస్టు కార్యకర్తలు ఊరూరా తిరిగి ఆదివాసులను కూడగట్టారు. ఆదివాసులకు కూడా సంఘటిత చర్య కొత్త కాదు. 1922 ప్రాంతంలో ఒక దేవత ఆనతిగా భావించి వేలాది ఆదివాసులు కల్లు, సారా మానివేసి, సారా వ్యాపారుల వద్ద పనికి వెళ్ళబోమని ఒట్టుపెట్టుకున్నది ఈ దక్షిణ గుజరాతులోనే. పార్టీ పుట్టకముందే ఆ సమాజానికి సమ్మె చేయడం తెలుసు. బొంబాయి నుంచి వచ్చిన అర్థశాస్త్రవేత్త ఆ శక్తిని సృష్టించలేదు. దానికి దేశం దృష్టిని సంపాదించిపెట్టారు, దానితోపాటు జైలుకు వెళ్ళారు.

1953 సెప్టెంబరు 1న పార్డీ సత్యాగ్రహం ఆరంభమయింది. గుజరాతీలో ఖేడ్ అంటే దున్నడం, కనుక దీనికి ఖేడ్ సత్యాగ్రహమన్న పేరు వచ్చింది. సత్యాగ్రహులు గడ్డిభూములలో ప్రవేశించి నేల తవ్వడం, దున్నడం ప్రారంభిస్తారు. పోలీసులు అక్రమ ప్రవేశం నేరం కింద నిర్బంధిస్తారు. మరునాడు మరొక బృందం. భూమిని స్వాధీనం చేసుకుంటామని వారు అనలేదు. గడ్డి స్థానంలో ధాన్యం పండించాలి, పండించే పని మాకివ్వాలి అన్నదే కోరిక. ఇంతకంటె మితమైన కోరిక భూపోరాటాల చరిత్రలో అరుదు. తెలంగాణా సాయుధ పోరాటం విరమించి అప్పటికి రెండేళ్ళు కాలేదు. వినోబా పోచంపల్లిలో భూదానం అందుకుని రెండున్నరేళ్ళు. తుపాకీకీ, దానానికీ మధ్య మూడో దారి ఒకటి ఉన్నదని పార్డీ చూపదలచింది. వందలాది ఆదివాసులు, వారిలో స్త్రీలు కూడా, జైళ్ళకు వెళ్ళారు. మెహతా కూడా అరెస్టయ్యారు.

అరెస్టు చేయించిన ప్రభుత్వానికి ముఖ్యమంత్రి మొరార్జీ దేశాయి. విధి విలాసమేమిటంటే ఆయనదీ సూరత్ జిల్లాయే, ఆయన కూడా 1952 శాసనసభ ఎన్నికలో అదే జిల్లాలో అతి స్వల్పమైన తేడాతో ఓడిపోయినవారే. అయినా పార్టీకి మెజారిటీ ఉండడంతో ముఖ్యమంత్రి పీఠం ఆయనను వెతుక్కుంటూ వచ్చింది. ఓడిన ఇద్దరిలో ఒకరు సచివాలయంలో, మరొకరు పోలీసు లారీలో. ప్రైవేటు ఆస్తిలో చొరబడడాన్ని సత్యాగ్రహం అనరాదన్నది మొరార్జీ వర్గం వాదన. గాంధీగారి వారసత్వం ఎవరిదన్న తగవు కూడా ఆ గడ్డిలో ఉన్నదన్నమాట.

మన వైపు ఆ రోజులలో ఏం జరిగిందో కూడా జ్ఞాపకం చేసుకోవడం మంచిది. మెహతా పార్టీ అప్పటికి కృపలానీ, ప్రకాశం పంతులుగార్ల కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీతో విలీనమై ప్రజా సోషలిస్టు పార్టీగా మారింది. పంతులుగారు ఆ పార్టీని విడిచి, కాంగ్రెసు మద్దతుతో 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయ్యారు. రాష్ట్రావతరణ వంటి మహత్కార్యం ముందున్నప్పుడు ఆయనను తప్పుపట్టడం సులభం కాదు. ఆయన ప్రభుత్వం ఏడాది తిరిగిన కొద్దికాలానికే పడిపోయింది. ఒకే పార్టీ ఓటమి నుంచి రెండు బాటలు చీలాయని మాత్రం నమోదు చేయాలి.

మెహతాను సమర్థించడం కూడా అంత సులభం కాదు. పార్డీకి మూడు నెలల ముందు, 1953 జూన్‌లో, బేతూల్‌లో జరిగిన పార్టీ ప్రత్యేక మహాసభలో ఆయన ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. వెనుకబడిన ఆర్థికవ్యవస్థ గల దేశంలో ప్రతిపక్షం ప్రతిదాన్నీ వ్యతిరేకించడం వ్యర్థమనీ, ప్రభుత్వంతో ఏకీభావం గల రంగాలను వెతికి సహకరించాలనీ దాని తాత్పర్యం. లోహియా దీనిని లొంగుబాటుగా భావించి తీవ్రంగా ఎదిరించారు. కాంగ్రెసుకూ కమ్యూనిస్టులకూ సమదూరమన్నది లోహియా సూత్రం. పార, జైలు, ఓటు అన్న మూడూ కలిస్తేనే రాజకీయం పూర్తవుతుందన్నది ఆయన బోధ. విచిత్రమేమిటంటే, సహకారవాదిగా నిందపడిన మెహతాయే వేసవి గడిచేసరికి పార పట్టినవారి వెంట జైలుకు వెళ్ళారు. విమర్శకులు దీనిలో అస్థిరత్వాన్ని చూశారు. ఈ విలేకరికి అంత వైరుధ్యం కనిపించదు. ప్రభుత్వం తన శాసనంలో వాగ్దానం చేసినదాన్నే పార్డీ ఆదివాసులు నేల మీద కోరారు. సహకారానికీ ప్రతిఘటనకూ ఆ ఒక్కచోట తేడా చెరిగిపోయింది. మెహతా జీవితంలో ఆ తరువాత మళ్ళీ అలా జరిగిందని చెప్పలేము.

సత్యాగ్రహం ఒక్క వర్షాకాలంతో ముగియలేదు. గడ్డికోతకు కూలీలు వెళ్ళకపోవడం దానిలోని మరో అస్త్రం. దున్నితే జైలులో పెట్టవచ్చు, కాని కోయడానికి రాని మనిషిని ఏ సెక్షను కింద పెడతారు? నిలిచిన గడ్డి ఎండి వృథా అయితే యజమానికి నష్టం. అయితే కోత మానినవారి ఇళ్ళలో పొయ్యి వెలగదు. ఏడాదికి ఒక్కసారి దొరికే కూలిని వదులుకోవడమంటే ఏమిటో ఆ ఇళ్ళవారికే తెలుసు. ఎన్నికల తరువాత పార్టీలు చేసుకునే ఆత్మపరీక్షల తీర్మానాలకూ ఈ త్యాగానికీ పోలిక లేదు. అలా పద్నాలుగేళ్ళు గడిచాయి. ఆ కాలంలో బొంబాయి రాష్ట్రం చీలి గుజరాతు ఏర్పడింది, ముఖ్యమంత్రులు మారారు, నెహ్రూ శకం ముగిసింది. 1967లో హితేంద్ర దేశాయి ప్రభుత్వ హయాంలో ఒప్పందం కుదిరి, వేల ఎకరాల గడ్డిభూమి పంటకు, భూమిలేనివారికి మళ్ళింది. నాటికి తొలి సత్యాగ్రహుల పిల్లలు పెద్దవారయ్యారు.

మెహతా అప్పటికి ఎక్కడున్నారు? 1954లో భండారా ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకు వచ్చారు. అక్కడ కూడా జతగా నిలిచిన అంబేద్కర్ మళ్ళీ ఓడిపోవడం మన ఎన్నికల చరిత్రలో ఒక మచ్చ. 1957లో ముజఫర్‌పూర్ నుంచి తిరిగి ఎన్నికయ్యారు. పాత పార్లమెంటు భవనంలో ఆనాటి చర్చల సంపుటాలు తిరగవేస్తే ఆర్థికాంశాల మీద ఆయన ఉపన్యాసాల పటుత్వం తెలుస్తుంది. ప్రభుత్వం 1957లో ఆహారధాన్యాల విచారణ సంఘానికి ఆయననే అధ్యక్షునిగా నియమించింది. ధరల స్థిరీకరణకు ఒక బోర్డు ఉండాలనీ, ధాన్యం నిల్వలు పెంచుకోవాలనీ ఆ సంఘం సూచించింది. గడ్డి మీద ధాన్యం కోసం జైలుకు వెళ్ళిన మనిషి ఆ నివేదిక రాయడంలో ఔచిత్యం ఉంది.

ఆ తరువాతి కథ క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1963లో ప్రణాళికా సంఘం ఉపాధ్యక్ష పదవిని అంగీకరించారు. పార్టీ అభ్యంతరం చెప్పింది, బంధం తెగింది, 1964లో కాంగ్రెసులో చేరారు. ఇందిరాగాంధీ మంత్రివర్గంలో ప్రణాళికామంత్రి అయ్యారు. 1966లో రూపాయి విలువ తగ్గింపును సమర్థించి పాత సహచరుల దూషణలకు గురయ్యారు. బేతూల్ సిద్ధాంతం యోజనా భవన్ దాకా నడిపించిందనీ, పార్డీ దారిలోనే ఉండిపోయిందనీ ఎవరైనా అంటే కాదనడం కష్టం. 1967లో పార్డీ ఒప్పందం కుదిరిననాడు ఆయన కేంద్రమంత్రి. ఆ ఫలితంలో ఆయన వాటా కంటె, పేర్లు పత్రికలకెక్కని కోతకూలీల వాటా ఎక్కువ. అయితే కుర్చీ కోసం సమస్తం మింగే మనిషి మాత్రం కాదాయన. 1968లో సోవియట్ సేనలు చెకోస్లొవేకియాలో ప్రవేశించినప్పుడు భారత ప్రభుత్వ వైఖరి నచ్చక మంత్రి పదవికి రాజీనామా చేశారు. కాంగ్రెసు చీలినప్పుడు పాత కాంగ్రెసులో నిలిచి దానికి అధ్యక్షులయ్యారు. అత్యవసర పరిస్థితిలో, ఆరుపదులు దాటిన వయసులో, మరోసారి జైలు చూశారు.

1977లో జనతా ప్రభుత్వం వచ్చినప్పుడు ప్రధాని ఎవరు? మొరార్జీ దేశాయి. పార్డీలో తన ప్రభుత్వం నిర్బంధించిన మనిషినే ఆ ఏడాది డిసెంబరులో పంచాయతీరాజ్ సంస్థల పరిశీలనా సంఘానికి అధ్యక్షునిగా నియమించింది ఆయన ప్రభుత్వమే. 1978 ఆగస్టులో సమర్పించిన నివేదికలో 132 సిఫారసులున్నాయి. జిల్లా పరిషత్తు, దాని కింద పదిహేను ఇరవై వేల జనాభాకు ఒక మండల పంచాయతీ. షెడ్యూల్డు కులాలకు, తెగలకు జనాభా ప్రాతిపదికన స్థానాలు. నియమిత కాలంలో ఎన్నికలు. రద్దయితే ఆరు నెలలలోగా మళ్ళీ ఎన్నికలు. ఢిల్లీ నుంచి చూస్తే ఇవి పరిపాలనా వివరాలు. కౌలుదారీ చట్టం కాగితం మీద ఉండగా పొలంలో గడ్డి మొలవడం చూసిన మనిషికి, ఊరికి దగ్గరలో ఊరివారు ఎన్నుకున్న అధికారం ఒకటి ఉండడం ఎంత అవసరమో తెలిసి ఉండాలి. పార్డీ పేరు ఆ నివేదికలో వెతకనక్కరలేదు.

1979లో జనతా ప్రభుత్వం కూలింది, నివేదిక బీరువాలో చేరింది. మెహతా 1984 డిసెంబరు 10న దివంగతులయ్యారు. అయిదు నెలలు గడిచాక, 1985 మే 25న, ఎన్. టి. రామారావు ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్‌లో తాలూకాలను తొలగించి మండలాలను ఏర్పరచింది. 1986లో మండల ప్రజాపరిషత్తుల చట్టం వచ్చింది, 1987లో ఎన్నికలు జరిగాయి. మెహతా సూచించిన దానికంటె మన మండలం పెద్దది, అధికారాలలోనూ తేడాలున్నాయి. పేరు మాత్రం అదే నిలిచింది. నేడు కుల ధ్రువపత్రానికో, భూమి పట్టాకో మండల కార్యాలయం మెట్లెక్కే తెలుగు రైతుకు ఆ మాట ఎవరి నివేదికలోనిదో తెలియదు.

ఢిల్లీ నుంచి ముంబయి వెళ్ళే రైళ్ళు సూరత్ దాటాక వల్సాడ్, పార్డీ, వాపీల మీదుగా సాగుతాయి. రాజధాని ఎక్స్‌ప్రెస్ పార్డీలో ఆగదు. వర్షాకాలంలో ఆ దారిన వెళ్ళే తెలుగువారు కిటికీ పక్కన చోటు దొరికితే సూరత్ దాటిన తరువాత నిద్రపోకుండా కాసేపు బయటికి చూడాలని ఈ విలేకరి మనవి. పార్డీ స్టేషను పేరుపలక కళ్ళపడేలోగానే వెనక్కి పోతుంది.